సెల్లార్లు, సంపులు, తడిసిన గోడౌన్లు క్లీన్ చేయించేటప్పుడు మన కుర్రాళ్ళ ఊపిరి కాపాడుకోవడం ఎలా

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట అంతా మునిగింది కదా, నీళ్ళు తీశాక మాలాంటోళ్ళకి చేతినిండా పని. నేను పది పదిహేను మంది కుర్రాళ్ళని పెట్టుకుని క్లీనింగ్, చిన్న చిన్న కూల్చివేత పనులు చేయిస్తుంటా. ఆ రోజుల్లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బురద తీస్తున్నాం, మావాడొకడు బ్లీచింగ్ చల్లిన నేల మీదే, మరకలు పోవట్లేదని బాత్‌రూం యాసిడ్ సీసా ఒంపేశాడు. పసుపు, ఆకుపచ్చ కలిసినట్టు పొగ లేచింది, అది క్లోరిన్ గ్యాస్. ఇద్దరు దగ్గుకుంటూ మెట్ల మీదే కూలబడిపోయారు, ఒకడిని రెండ్రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంచారు. ఇద్దరూ బాగానే ఉన్నారు ఇప్పుడు. కానీ నన్ను అప్పటి నుంచీ వదలని సంగతి ఏంటంటే, ఆ టైంలో ఇద్దరి మూతికీ మాస్కులు ఉన్నాయి. నీలం రంగు సర్జికల్ మాస్కులు. నేనే కొనిచ్చా, మాస్కులు ఇచ్చాం కదా ఇంకేంటి అనుకున్నా.

ఆ తర్వాత కూర్చుని ఒక్కోటీ నేర్చుకున్నా, తెలిసినవాళ్ళని అడిగా, ఇప్పుడు ఎలా చేయిస్తున్నానో వరసగా రాస్తున్నా. చిన్న మేస్త్రీలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు, గుంటూరు వైపు గోడౌన్లు, మిల్లులు చూసుకునేవాళ్ళు మొత్తం చదవండి, ముక్కలుగా చదివితే ఉపయోగం లేదు.

ముందు ఒక్క విషయం పట్టుకోండి. గాలి మూడు రకాలుగా మనిషిని దెబ్బతీస్తది. ఒకటి దుమ్ము, బూజు లాంటి కణాలు. రెండు, గ్యాసులూ ఆవిర్లూ. మూడు, అసలు ఆ గాలిలో ఆక్సిజనే లేకపోవడం. ఈ మూడింటికీ కాపు వేరు వేరు. దుమ్ముకి పనికొచ్చే మాస్కు గ్యాస్‌ని ఆపదు, గ్యాస్‌కి పనికొచ్చే మాస్కు ఆక్సిజన్ పుట్టించదు. గుంటూరు మిర్చి యార్డులో అయితే గాలే చెప్తది, ఘాటు ముక్కుకి తగలగానే తుమ్ములు వచ్చి మనమే పక్కకి జరుగుతాం, తువ్వాలు కట్టుకుంటాం. సంపులో గాలి అలా చెప్పదండి, తగిలిన సంగతి తెలిసేలోపు కాళ్ళు పనిచేయవు. అందుకే మాస్కు గురించి ఆలోచించడం ఎప్పుడూ ఆఖర్న, ఆ గాలి ఏ రకమో తెలుసుకోవడం ముందు.

మొదటి పని: ఒప్పుకునేముందు వెళ్ళి చూడటం, అడగటం

ఫోన్లో రేటు మాట్లాడేసి తెల్లారి మనుషుల్ని పంపే పద్ధతి మానేయండి. ఒకసారి వెళ్ళండి, ఓనర్ని నిలబెట్టి అడగండి. ఎన్నాళ్ళుగా మూసి ఉంది, నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయి, లోపల ఏం నిల్వ ఉండేది, డ్రైనేజీ లైనుగానీ పక్కింటి సెప్టిక్ ట్యాంకుగానీ దీన్లోకి కారుతుందా, పైన రేకులు ఏ కాలంనాటివి. సగం మంది "ఏం లేదండీ, మామూలు బురదే" అంటారు. వాళ్ళు అబద్ధం ఆడుతున్నారని కాదు, వాళ్ళకీ తెలియదు. మీరే మూలల్లో చూడాలి, పాత డబ్బాల మీద రాతలు చదవాలి.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల గోడౌన్లలో ముఖ్యంగా రెండు చూడండి. ఒకటి పురుగుమందుల డబ్బాలు, సంచులు. రెండోది ఇంకా ప్రమాదం, ధాన్యానికి, పప్పులకి పురుగు పట్టకుండా బస్తాల మధ్య పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. వీటికి తేమ తగిలితే చాలు ఫాస్ఫీన్ అనే గ్యాస్ వస్తది, ప్రాణాలు తీసే గ్యాస్ అది, మంట కూడా అంటుకోవచ్చు. వెల్లుల్లి వాసనో కుళ్ళిన చేప వాసనో వస్తదంటారు గానీ ఆ వాసన మీద నమ్మకం పెట్టుకోకూడదు, రాకపోయినా గ్యాస్ ఉండొచ్చు. కింద ఆరో పనిలో దుమ్ము లేవకుండా ముందు తడపండి అని చెప్తా, కానీ ఈ బిళ్ళలు ఉన్నచోట, బూడిద రంగు పొడి కుప్పలుగా కనపడిన చోట చుక్క నీళ్ళు కూడా పోయొద్దు. తలుపులు తెరిచేసి బయటికొచ్చి, ఆ మందు పెట్టినవాళ్ళనే పిలిపించండి, అది వాళ్ళ పని.

కోల్డ్ స్టోరేజీ పని అయితే అక్కడ చల్లదనానికి వాడేది చాలాచోట్ల అమ్మోనియా. ప్లాంటు ఆపరేటర్ పక్కన లేకుండా మెషిన్ రూం వైపు, పైపుల వైపు మన కుర్రాళ్ళు సుత్తి, కట్టర్ పట్టుకుని పోకూడదు. అంతకుమించి దాని జోలికి పోను, అది వేరే చదువు.

రెండో పని: మనిషి దిగకుండా అవుతుందా చూడటం

సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోల్ అయితే ఇక్కడ ఆలోచించేది ఏమీ లేదు. సక్షన్ ట్యాంకర్ పిలవండి, మనిషిని దింపొద్దు. 2013లో చట్టం వచ్చింది, సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలవల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపితే మొదటిసారికే 2 ఏళ్ళ దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. దింపినవాడు మేస్త్రీ అయినా, ఇంటి ఓనర్ అయినా. చనిపోయినవాళ్ళ కుటుంబానికి ఇచ్చే పరిహారం 10 లక్షలుండేదాన్ని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు 30 లక్షలు చేసింది. ట్యాంకర్ కోసం 14420 అని హెల్ప్‌లైన్ నంబరు కూడా ఉంది. "వాళ్ళు మామూలుగా దిగేవాళ్ళేనండీ, అలవాటే" అని ఓనర్లు అంటారు చూడండి, మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష గ్యాస్‌కి అలవాటు పడ్డ ఊపిరితిత్తులు ఏ మనిషికీ లేవు.

నీళ్ళ సంపు, సెల్లార్ పిట్, పెద్ద ట్యాంకు లాంటివాటికి కూడా ముందు పంపు, పొడుగు పైపు, పైనుంచి ప్రెజర్ జెట్ ఇవన్నీ ప్రయత్నించండి. ఇక్కడొక పెద్ద తప్పు చాలాచోట్ల చూశా, పెట్రోల్ ఇంజన్ మోటారు తెచ్చి సెల్లార్ లోపలే పెట్టి నడుపుతారు, నీళ్ళు ఎత్తు ఎక్కట్లేదని. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, రంగు లేదు వాసన లేదు, ముందు తలనొప్పి, తల తిరగడం, మనిషికి మందు తాగినట్టు ఉంటది, తర్వాత లేవడు. ఇంజన్లు, జనరేటర్లు బయటే, అదీ కిటికీలకి, లోపలికి గాలి ఊదే బ్లోయర్ మూతికి దూరంగా. లోపల కావాలంటే కరెంటు మోటారు పెట్టండి.

కొత్త సంపుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అందరూ మోసపోతారు. కొత్తగా కట్టిన సంపు, సెప్టిక్ ట్యాంకు, లోపల మురుగు చుక్క లేదు, సెంట్రింగ్ చెక్కలు విప్పడానికి రెండు నెలల తర్వాత మూత తీసి దిగుతారు. లోపల అడుగున కాసిని నీళ్ళు, తడి చెక్క, మూసిన మూత. ఆ చెక్క కుళ్ళుతూ లోపలున్న ఆక్సిజన్ తినేస్తది. వాసన రాదు. దిగినోడు నాలుగైదు శ్వాసల్లోనే పడిపోవచ్చు. పేపర్లో "కొత్త సంపులో ఇద్దరు మృతి" అని వచ్చినప్పుడల్లా కరెంటు షాక్ అనుకునేవాణ్ణి నేను, చాలావాటిల్లో అసలు కారణం ఇదే.

మూడో పని: గాలి కొలవడం

మన పెద్దోళ్ళు బావిలోకి దిగేముందు లాంతరు దింపి చూసేవాళ్ళు, ఆరిపోతే దిగేవాళ్ళు కాదు. ఆ జాగ్రత్తకి దణ్ణం పెట్టాలి, కానీ ఇప్పుడు ఆ పని చేయొద్దు. మురుగు నుంచి మీథేన్ వస్తది, గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుద్ది. పైగా ఆక్సిజన్ మనిషికి చాలనంత తగ్గినా దీపం వెలుగుతూనే ఉండొచ్చు, హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి అయితే దీపం చెప్పనే చెప్పదు.

నాలుగు గ్యాసుల డిటెక్టర్ అని చేతిలో పట్టే మీటరు దొరుకుతది. ఆక్సిజన్, మండే గ్యాస్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, నాలుగూ ఒకేసారి చూపిస్తది. ఖరీదైనదే, కాదనను. కొనలేకపోతే అద్దెకి తెచ్చుకోండి, లేదా ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు కలిసి కొనుక్కోండి, అదీ కుదరకపోతే దిగే పని ఒప్పుకోకండి. వాడేది ఇలా.

బయట మంచి గాలిలో ఆన్ చేయండి, ఆక్సిజన్ 20.9 చూపించాలి. చూపించకపోతే ఆ మీటరు ఆరోజు పనికిరాదు. మూత కొంచెం పక్కకి జరిపి, తల దూర్చకుండా, గాలి మన వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, మీటరుకి గొట్టంగానీ తాడుగానీ కట్టి దింపండి. పైన, మధ్యలో, అడుగున, మూడు చోట్లా ఆపి ఒక్కోచోట రెండు నిమిషాలు ఉంచండి, గొట్టం పొడుగైతే ఇంకాసేపు, గాలి పైకి రావడానికి టైం పడతది. మూడు చోట్లా ఎందుకంటే మీథేన్ తేలిక, పైకి చేరుద్ది, హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగున కూర్చుంటది. పైన మాత్రమే చూసి "బాగానే ఉంది దిగు" అన్నవాళ్ళు అడుగున శవాన్ని తీసుకొచ్చారు.

నేను పెట్టుకున్న లెక్కలు ఇవి, కాగితం మీద రాసి మీటరు బ్యాగులోనే పెట్టా. ఆక్సిజన్ 19.5 కంటే తక్కువ ఉండకూడదు, 23.5 కంటే ఎక్కువా ఉండకూడదు. మండే గ్యాస్ పేలే హద్దులో 10 శాతం దాటకూడదు, మీటరు మీద అది ఎల్ఈఎల్ అని ఉంటది. హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం (అంటే పది లక్షల భాగాల గాలిలో 10 భాగాలు), కార్బన్ మోనాక్సైడ్ 35 పీపీఎం, ఇవి దాటితే ఎవరూ దిగరు, దిగినవాళ్ళు పైకొచ్చేస్తారు. చూసేటప్పుడు ముందు ఆక్సిజన్ చూడండి, అది బాగా తక్కువుంటే మండే గ్యాస్ అంకె కూడా తప్పు చూపించొచ్చు.

హైడ్రోజన్ సల్ఫైడ్‌కి ఉండే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గురించి అందరికీ తెలుసు, "వాసన పోయింది, గ్యాస్ పోయింది" అనుకుంటారు. సరిగ్గా ఇక్కడే ప్రాణాలు పోతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు వాసన పట్టే శక్తినే చంపేస్తది. అంటే వాసన ఆగింది అంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు, లేదా పది రెట్లు పెరిగి ఉండొచ్చు, ముక్కుకి తేడా తెలియదు. 700 దాటితే మనిషి కొన్ని శ్వాసల్లోనే కూలిపోతాడు. ఇంకోటి, పైన మీటరు బాగా చూపించినా, పార పెట్టి పూడిక కదిపినప్పుడు సోడా సీసా మూత తీసినట్టు లోపల ఇరుక్కున్న గ్యాస్ ఒక్కసారిగా బయటికొస్తది. అందుకే మీటరు దిగేముందు ఒకసారి చూసి పక్కన పెట్టేది కాదు, పని చేసేవాడి ఛాతీకి తగిలించి పని అయ్యేదాకా ఆన్‌లోనే ఉండాలి.

నాలుగో పని: గాలి పంపడం

బ్లోయరూ, పొడుగు గుడ్డ డక్టూ. డక్టు మూతి అడుగు దాకా దించాలి, పైన పెట్టి ఊదితే పై గాలే తిరుగుద్ది. బ్లోయర్ వెనక మూతి దగ్గర జనరేటర్ పొగ, లారీ ఇంజన్ పొగ ఉండకూడదు, ఉంటే ఆ పొగనే లోపలికి పంపుతున్నాం. 10 అడుగుల పొడుగు, 10 వెడల్పు, 8 లోతు సంపు అంటే 800 ఘనపుటడుగులు. నిమిషానికి 500 ఘనపుటడుగులు ఊదే బ్లోయర్ అరగంటలో ఆ గాలిని ఇంచుమించు 19 సార్లు మారుస్తది. నేను ఆ అరగంట తప్పనిసరిగా పెడతా, పెట్టాక మళ్ళీ కొలుస్తా, చివరి మాట మీటరుదే. మనిషి లోపల ఉన్నంతసేపూ బ్లోయర్ తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే అదే క్షణంలో అందరూ పైకి.

వెల్డింగ్ సిలిండర్ తెచ్చి లోపలికి ఆక్సిజన్ వదిలే తెలివిగలవాళ్ళు ఉన్నారు. చచ్చినా చేయొద్దు. ఆక్సిజన్ ఎక్కువైతే బట్టలు, జుట్టు కూడా భగ్గుమంటాయి.

సెల్లార్లకి అయితే రెండు బ్లోయర్లు, ఒకటి లోపలికి, ఇంకోటి ఎదురు మూల నుంచి బయటికి. కెమికల్ విషయంలో నా రూలు ఒకటే, ఒక రోజు ఒక కెమికల్. బ్లీచింగ్ వాడే రోజు యాసిడ్ సీసా, ఫినాయిల్, అమ్మోనియా ఉన్న క్లీనర్లు సైటు లోపలికే రావు, వ్యాన్‌లో ఉంచి తాళం వేస్తా. బ్లీచింగ్ పొడిని బయట, గాలి వీపు వైపు ఉంచుకుని నీళ్ళలో కలిపి తీసుకెళ్ళాలి, లోపల పొడిగా చల్లితే ఆ పొడే గొంతు కాలుస్తది. ఎప్పుడైనా పొరపాటున కలిసి పొగ లేస్తే తుడవడానికి ఆగొద్దు, నీళ్ళు పోయడానికి ఆగొద్దు, పైకి, బయటికి. క్లోరిన్ బరువైన గ్యాస్, సెల్లార్ లాంటి పల్లంలో నిలబడిపోతది.

ఐదో పని: పైన నిలబడే మనిషి

సంపు పని అంటే లోపల ఒకడైతే పైన ఇద్దరు. అందులో ఒకడి పని చూడటం మాత్రమే. టీ తేవడానికి పోడు, ఫోన్ మాట్లాడడు, బకెట్ లాగడు. లోపలివాడి ఒంటికి ఫుల్ బాడీ హార్నెస్ (భుజాలకీ తొడలకీ కట్టే పట్టీలు), దానికి తాడు, తాడు పైన మూడు కాళ్ళ ట్రైపాడ్ మీదున్న చక్రానికి. నడుముకి మోకు కట్టి లాగుదాం అనుకోకండి, స్పృహ తప్పిన మనిషి మడతబడిపోయి చిన్న మ్యాన్‌హోల్లోంచి రాడు. మేం పెట్టుకున్న గుర్తులు ఇవి, ఒకసారి లాగితే "నేను బాగున్నా" అని, రెండుసార్లు లాగితే "తాడు వదులు చెయ్యి" అని, మూడుసార్లు లాగితే "పైకి లాగు" అని. పైవాడు ఐదు నిమిషాలకోసారి పేరు పెట్టి పిలుస్తాడు, జవాబు రాకపోతే ఇంకోసారి పిలవడం లేదు, లాగడమే. దిగిన టైం, మీటరు అంకెలు గోడ మీద సుద్దముక్కతో రాస్తాం, అందరికీ కనపడేట్టు.

ఇప్పుడు రాయబోయేది మీ కుర్రాళ్ళకి చదివి వినిపించండి. లోపల ఒకడు పడిపోతే ఎవరూ దూకకూడదు. అన్న పడితే తమ్ముడు దూకుతాడు, తమ్ముడి కోసం బావ దూకుతాడు, మన దగ్గర ఒకే ఇంటి మనుషులు ఒకే గ్యాంగులో ఉంటారు కాబట్టి ఒకే ఇంట్లో మూడు శవాలు లేస్తాయి. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ 1986లోనే చెప్పింది, ఇలాంటి మూసిన చోట్ల చనిపోయేవాళ్ళలో 60 శాతం పైగా కాపాడదామని దిగినవాళ్ళే అని. ప్రేమతో దూకినా ఆ గాలికి ప్రేమ తెలియదు. పైనుంచే తాడుతో లాగాలి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టాలి, 101కి, 108కి ఫోన్ చేయాలి. ఫైర్ వాళ్ళ దగ్గర వీపుకి తగిలించుకునే గాలి సిలిండర్ సెట్లు ఉంటాయి, దిగాల్సింది వాళ్ళే. కానీ మెదడు ఆక్సిజన్ లేకుండా నాలుగైదు నిమిషాలకంటే తట్టుకోదు, ఫైరింజన్ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటి అంతలో రాదు, అందుకే ఆ తాడూ హార్నెస్సూ ముందే ఒంటి మీద ఉండాలని ఇంతగా గింజుకుంటున్నా.

ఆరో పని: దుమ్ము లేవనీయకపోవడం

గ్యాస్ అయితే ఆ రోజే తెలుస్తది. దుమ్ము పదేళ్ళ తర్వాత తెలుస్తది, అప్పటికి ఆ కుర్రాడు మన దగ్గర పని మానేసి ఎక్కడో ఊళ్ళో దగ్గుతూ ఉంటాడు, టీబీ అనుకుని మందులు మింగుతూ ఉంటాడు.

కాంక్రీటు, గ్రానైటు, టైల్స్ కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటది. అందులో ఊపిరితిత్తుల అడుగుకి చేరే కణాలు కంటికే కనపడవు, కనపడే దుమ్ము కిందపడ్డాక కూడా అవి గాలిలో తేలుతూనే ఉంటాయి. ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ అనే జబ్బు వస్తే నయం చేసే మందు లేదు. కాబట్టి కట్టర్‌కి నీళ్ళ పైపు తగిలించకుండా ఆన్ చేయనివ్వను. కూల్చే గోడ ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి తడపాలి. చీపురుతో పొడిగా ఊడ్వడం లేదు, తడిపి పారతో ఎత్తడమే. తడపడానికి పొలాల్లో వీపుకి తగిలించుకునే స్ప్రేయర్ చక్కగా పనికొస్తది, సన్నగా పడతది, బురద కాదు. అయితే కొత్తది కొనండి. పురుగుమందు కొట్టిన పాత స్ప్రేయర్ ఎంత కడిగినా తేవద్దు, ఆ మందునే గాలిలోకి చల్లినట్టు అవుద్ది.

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటది, పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు చేసే సన్నని నార అది. సుత్తితో పగలగొట్టి కింద పడేయడం మన దగ్గర మామూలు, అది ఆపండి. బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా చేతులతో దించి, ముక్కలైనవి మందపాటి ప్లాస్టిక్ షీటులో చుట్టి కట్టేయాలి. కట్టర్ పెట్టొద్దు, డ్రిల్లు పెట్టొద్దు.

తడిసిన బస్తాలు, పత్తి, పరుపులు, ప్లైవుడ్ ఇవన్నీ బూజు పట్టాక కదిపితే పొగలా లేస్తది. ముందు తడిపి, గోనెసంచి కప్పి, అలాగే మోసుకుని బయటికి. గుంటూరు వైపు జిన్నింగ్ మిల్లుల్లో చేసేవాళ్ళకి ఒక గుర్తు చెప్తా, ఆదివారం సెలవు అయ్యాక సోమవారం డ్యూటీకి రాగానే ఛాతీ బిగుసుకుపోయి, మంగళ, బుధవారాలకి తగ్గిపోతుందా? అది జలుబు కాదు, పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ మొదలవ్వడం. మొదట్లోనే ఆ దుమ్ముకి దూరం చేస్తే మనిషి తేరుకుంటాడు, ఏళ్ళ తరబడి వదిలేస్తే తిరిగిరాదు.

ఏడో పని: ఇప్పుడు మాస్కు

తడిగుడ్డ, తువ్వాలు, సర్జికల్ మాస్కు, ఈ మూడూ ఈ పనికి మాస్కులు కావు. పక్కల నుంచి గాలి అంతా లోపలికే పోతది.

దుమ్ము, బూజుకి ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2. డబ్బా మీద ఐఎస్ 9473 అని, ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. చెవులకి తగిలించే రకం కాకుండా తల వెనక్కి రెండు పట్టీలుండేది తీసుకోండి, పై పట్టీ నడినెత్తి వెనక, కింది పట్టీ మెడ మీద, రెండూ అడ్డంగా దాటకూడదు. ముక్కు మీది రేకుని రెండు చేతుల వేళ్ళతో నొక్కాలి, ఒక చేత్తో చిటికేస్తే మధ్యలో మడత పడి సందు మిగులుద్ది. తర్వాత రెండు అరచేతులతో మాస్కు కప్పి గట్టిగా గాలి వదలండి, కళ్ళవైపు గాలి తగిలితే ముక్కు దగ్గర సందు ఉంది, సరిచేసుకోండి. పెట్టుకున్న ప్రతిసారీ చేయాలి, పది సెకన్లు పడతది. మిర్చి గోడౌన్ పని అయితే ఇంకో గుర్తు, ఎన్95 పెట్టుకుని కూడా తుమ్ములు వస్తున్నాయంటే అది సరిగా అతుక్కోలేదు. ఎక్కువ రోజులు దుమ్ము పని ఉంటే ముక్కూ మూతీ కప్పే రబ్బరు హాఫ్ మాస్కుకి దుమ్ము ఫిల్టర్లు పెట్టి వాడటం నయం, ముఖానికి బాగా పడతది, ఫిల్టర్లు మారిస్తే సరిపోతది.

పెయింటు, థిన్నర్, వాటర్‌ప్రూఫింగ్ ఆవిర్లకి హాఫ్ మాస్కుకి కార్ట్రిడ్జ్ (ఆవిరిని పీల్చుకునే చిన్న డబ్బా) పెట్టాలి. ఇక్కడ రంగులు చూసి కొనొద్దు. యూరప్ పద్ధతిలో గోధుమ రంగు పెయింటు ఆవిర్లకి, ఆకుపచ్చ అమ్మోనియాకి, తెలుపు దుమ్ముకి. అమెరికా పద్ధతిలో నలుపు పెయింటు ఆవిర్లకి, దుమ్ముకి ఊదా రంగు, తెలుపేమో యాసిడ్ గ్యాసులకి. మన షాపుల్లో రెండూ పక్కపక్కనే వేలాడతాయి, తెల్లది చూసి దుమ్ము ఫిల్టర్ అనుకోవచ్చు, యాసిడ్‌ది అనుకోవచ్చు. మీద రాసింది చదివించుకుని, ఏ గ్యాస్‌కి పనికొస్తదో షాపువాడితో చెప్పించుకుని కొనండి. ప్యాకెట్ చించిన దగ్గర్నుంచి కార్ట్రిడ్జ్ గాలిలోంచి పీల్చుకుంటూనే ఉంటది, అందుకే చించిన తేదీ మార్కర్‌తో రాయండి, పని అయ్యాక జిప్ కవర్లో పెట్టండి, వాసన లోపలికి వచ్చేదాకా ఆగి మార్చడం కాదు, కంపెనీ కాగితంలో చెప్పిన లెక్కతో మార్చండి.

మళ్ళీ చెప్తున్నా, ఈ మాస్కుల్లో ఏదీ ఆక్సిజన్ ఇవ్వదు. మీటరు అంకెలు దారికి రాని సంపులోకి కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకుని దిగడం అంటే మాస్కు లేకుండా దిగినట్టే.

గడ్డం సంగతి మాట్లాడుకోవాలి, ఇది మన దగ్గర సున్నితమైన విషయం. కార్తీకంలో అయ్యప్ప మాల, అలాగే ఇంద్రకీలాద్రి అమ్మవారి భవానీ దీక్షలు, మా గ్యాంగులో సగం మంది మాలలో ఉంటారు, 41 రోజులు గడ్డం తీయరు. ముస్లిం కుర్రాళ్ళకి గడ్డం ఎప్పుడూ ఉంటది. మాస్కు అంచు కింద రెండు రోజుల గడ్డం ఉన్నా సందు ఏర్పడుద్ది, దుమ్ము అందులోంచి పోతది. దీక్షలో ఉన్నవాడిని గడ్డం తీయమని అడగను, అడగకూడదు. ఆ రోజుల్లో వాళ్ళకి బయట పని ఇస్తా, లోడింగ్, నీళ్ళు కొట్టడం, పైన నిలబడి చూసే పని, కూలీ మాత్రం అదే. స్థోమత ఉన్నవాళ్ళు ఫ్యాన్ పెట్టి గాలి ఊదే తలపాగా లాంటి హుడ్ కొనొచ్చు, దానికి గడ్డం అడ్డు కాదు, దుమ్ముకి బాగా పనికొస్తది.

ఎండ గురించి మర్చిపోవద్దు. మే నెలలో బెజవాడలో రోళ్ళు పగిలే ఎండలో రేకుల కింద మాస్కు పెట్టుకుని ఎనిమిది గంటలు పనిచేయమంటే ఎవడూ చేయడు, పది నిమిషాలకే గడ్డం కిందికి లాగేసుకుంటాడు, తప్పు వాడిది కాదు. మాస్కు పనిని పొద్దున ఆరు నుంచి పది లోపు పెట్టండి, అరగంటకోసారి బయటికి పంపి, మూతి కడుక్కుని మంచినీళ్ళు, మజ్జిగ తాగనివ్వండి. తడిసిపోయిన ఎన్95 మార్చేయండి, చెమటకి ఊపిరి పీల్చడం కష్టమవుద్ది. గుట్కా, ఖైనీ నోట్లో ఉన్నవాడు ఉమ్మడానికి ప్రతి రెండు నిమిషాలకీ మాస్కు దించుతాడు, దుమ్ము పని ఉన్న రోజు వాటిని గేటు దగ్గరే పెట్టించండి.

ఆస్తమా ఉన్నవాడు, గుండె జబ్బు ఉన్నవాడు, పాత టీబీ ఉన్నవాడు చెప్పుకోడు, చెప్తే కూలీ పోతుందని భయం. చెప్తే పని మారుస్తా గానీ తీసేయను అని ముందే మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి, అప్పుడే చెప్తారు.

పని అయ్యాక

దుమ్ము బట్టలతో బండెక్కి ఇంటికి పోయి పిల్లల్ని ఎత్తుకుంటారు, ఆ దుమ్ము ఇంట్లోవాళ్ళకీ చేరుద్ది. సైటులోనే డ్రమ్ము నీళ్ళు, సబ్బు, మార్చుకోవడానికి ఒక చీర అడ్డం కట్టిన చోటు పెట్టండి. ఒంటి మీది బట్టలు దులపొద్దు, తడిపి సంచిలో వేయాలి. ఒళ్ళు తడిపాక ఆఖర్న మాస్కు తీయాలి, ముందు తీస్తే బట్టల మీది దుమ్మంతా పీలుస్తారు.

క్లోరిన్ లాంటి గ్యాస్ పీల్చినవాడు "ఇప్పుడు బాగుందన్నా" అన్నా వదలొద్దు. కొన్నిసార్లు గంటల తర్వాత, రాత్రిపూట ఊపిరితిత్తుల్లో నీరు చేరుద్ది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఏ కెమికల్ కలిసిందో డాక్టర్‌కి చెప్పండి, సీసా ఫోటో తీసి చూపించండి. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి విజయవాడలో గుణదల ఆసుపత్రి ఉంది, గుంటూరు వాళ్ళకి ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్ ఉంది. దుమ్ము పనిలో ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే, ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించి, ఆ కాగితాలు వాళ్ళ చేతికే ఇవ్వండి, రేపు వాళ్ళు ఇంకో మేస్త్రీ దగ్గరికి పోయినా వాళ్ళతోనే ఉంటాయి. నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, ఎవడు ఏ రోజు ఏ సైటులో ఎన్ని గంటలు, మీటరు ఎంత చూపించింది, ఏ మాస్కు వాడాడు, అన్నీ అందులో రాస్తా, పేజీ కింద వాడి సంతకమో వేలిముద్రో. డాక్టర్ "ఏం పని చేసేవాడివి?" అని అడిగినప్పుడు చూపించడానికి ఆ పేజీల ఫోటోలు వాళ్ళ ఫోన్లకీ పంపిస్తున్నా.